ముక్కుతున్న పిల్లి ఏం చెబుతోంది?

ఏప్రిల్ దాటితే ఖరగ్‌పూర్ దగ్గరి హిజ్లీలో ఎండ నలభై డిగ్రీలు దాటడం మామూలే. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి ఖరగ్‌పూర్‌కు వచ్చిన కుటుంబాలు తరాలుగా చూస్తున్న ఎండే అది. ఆ ఎండల్లో పెరట్లో ఎర్రమట్టి తవ్వుకునే పిల్లికి విరేచనం ఆగితే ఇంట్లోవాళ్లకు తెలిసే వీలు తక్కువ. ఫ్లాట్‌లో లిట్టర్ ట్రే వాడే పిల్లి విషయంలో అలా కాదు. అది ఎన్నిసార్లు కూర్చుంది, ఎంతసేపు ముక్కింది, ఏం వదిలింది అన్నీ కళ్లముందే ఉంటాయి.

పెంపుడు పిల్లి పూర్వీకులు ఆఫ్రికా, పశ్చిమాసియా ఎడారి ప్రాంతాల అడవి పిల్లులు. వేటాడిన ఎలుక ఒంట్లో దాదాపు 70 శాతం నీరే కాబట్టి అవి విడిగా తాగాల్సిన అవసరం పెద్దగా ఉండేది కాదు. ఆ స్వభావం ఇప్పటికీ పోలేదు. పిల్లికి దాహం తక్కువ, మూత్రం చిక్కన. అలాంటి జంతువు గిన్నెలో పది శాతం తేమ కూడా ఉండని పొడి గింజలు పోసి, నీళ్లు అదే తాగుతుందిలే అనుకుంటే ఒంట్లో నీటికి కొరత తప్పదు.

ఆ కొరత తీర్చుకోవడానికి శరీరం పెద్దపేగులోని మలం నుంచి వీలైనంత నీటిని లాగేసుకుంటుంది. మలం ఎంతసేపు లోపల నిలిస్తే అంత ఎండుతుంది. ఎండినకొద్దీ బయటికి రావడం కష్టమవుతుంది. నొప్పి పుట్టిన పిల్లి ఆ పని వాయిదా వేస్తుంది. వాయిదా వేసినకొద్దీ మలం రాయిలా మారుతుంది. ఇదే మళ్లీమళ్లీ జరిగితే పేగు సాగిపోయి, ముడుచుకునే శక్తినే కోల్పోతుంది. దీన్ని మెగాకోలన్ అంటారు. ఎక్స్‌రేలో పెద్దపేగు వెడల్పును నడుములోని అయిదో వెన్నుపూస పొడవుతో పోలుస్తారు. అది దాదాపు ఒకటిన్నర రెట్లు దాటితే మెగాకోలన్ అని అనుమానిస్తారు.

కారణం ప్రతిసారీ తిండే కానక్కర్లేదు. వాహనం తగిలి కటి ఎముక విరిగి వంకరగా అతుక్కుంటే మలం వచ్చే దారి ఇరుకవుతుంది. ముసలి పిల్లుల్లో కిడ్నీ జబ్బు నీటిని తోడేస్తుంది. కీళ్లవాతం ఉన్న పిల్లికి ట్రే అంచు ఎక్కడమే ప్రయాస. నాకి మింగిన వెంట్రుకలు, ఎముకల ముక్కలు మలాన్ని ఇంకా గట్టిపరుస్తాయి.

ట్రే కూడా కారణం కావచ్చు.

1947లో అమెరికాలోని మిషిగన్‌లో ఎడ్వర్డ్ లోవ్ అనే వ్యాపారి తేమ పీల్చే బంకమట్టి గుళికలను పిల్లుల ట్రేల్లో పోయడానికి అమ్మడం మొదలుపెట్టాడు. అంతకుముందు ఇసుకో, బూడిదో పోసేవారు. ఇప్పుడు రకరకాల లిట్టర్లు వచ్చినా, సువాసన లేని మెత్తని ఇసుకలాంటిదే చాలా పిల్లులకు నచ్చుతుంది. మురికిగా ఉన్నా, వాషింగ్ మెషీన్ పక్కన చప్పుడులో పెట్టినా ట్రే దగ్గరికి రాకుండా ఆపుకునే పిల్లులున్నాయి. అందుకే రోజూ శుభ్రం చేయాలంటారు. ట్రే పొడవు పిల్లి పొడవుకు ఒకటిన్నర రెట్లు ఉండాలి. పిల్లులెన్నో అంతకంటే ఒక ట్రే ఎక్కువ ఉంటే మేలు.

ఇంటి వైద్యంలో జాగ్రత్త అవసరం. పాలు పోస్తే కదులుతుందనుకుంటారు గానీ, పెద్ద పిల్లుల్లో చాలావాటికి లాక్టోజ్ అరగక విరేచనాలు పట్టుకుంటాయి. అది చికిత్స కాదు. నూనెలు బలవంతంగా నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. మనుషులకు వాడే ఫాస్ఫేట్ ఎనిమా పిల్లి రక్తంలో కాల్షియాన్ని పడగొట్టి ప్రాణమే తీయగలదు. వైద్యులు సెలైన్ ఎక్కించడం, మలాన్ని మెత్తబరిచే లాక్టులోజ్, గోరువెచ్చటి నీటి ఎనిమా వంటివి వాడతారు. పేగు బొత్తిగా పనిచేయకపోతే శస్త్రచికిత్సే దిక్కు. ఇంట్లో చేయగలిగింది తడి ఆహారం పెట్టడం, నీళ్ల గిన్నెలు రెండు మూడు చోట్ల ఉంచడం. ఇసబ్‌గోల్ వంటి పీచు కూడా వైద్యుణ్ని అడిగాకే పెట్టాలి. నీళ్లు చాలని పిల్లికి పీచు ఎక్కువైతే మలబద్ధకం ముదురుతుంది.

రెండు రోజులు విరేచనం కాకపోతే పశువైద్యుడికి చూపించాలి. ట్రేలో ముక్కుతున్నది మగపిల్లి అయితే మాత్రం ముందు చూడాల్సింది మూత్రం వచ్చిందా లేదా అని. మూత్రనాళం మూసుకుపోయినా పిల్లి అచ్చం అలాగే కూర్చుని ముక్కుతుంది. మలబద్ధకమని పొరబడి ఊరుకుంటే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. ట్రేలో తడి లేకపోతే అర్ధరాత్రయినా సరే, అందుబాటులో ఉన్న పశువైద్యుణ్ని వెంటనే పట్టుకోవాలి.