చన్నీళ్లలో తొలి 90 సెకన్లు

ఆఫర్ లెటర్ వచ్చింది, జాయినింగ్ డేట్ రాలేదు. 2020లో క్యాంపస్ ప్లేస్‌మెంట్ వచ్చిన చాలామంది పరిస్థితి ఇదే. ఇంగ్లండ్‌లో మాస్టర్స్ చేస్తున్న మనవాళ్లదీ ఇంచుమించు అదే కథ: ఒక గది, ఆన్‌లైన్ క్లాసులు, ఆగిపోయిన పార్ట్‌టైమ్ పని. మార్చి 20న అక్కడ జిమ్‌లు, ఈత కొలనులు మూసేయమన్నారు. మే 13 నుంచి వ్యాయామానికి ఎంతసేపైనా బయట తిరగొచ్చన్నారు. దాంతో కొలనులు లేని జనం నదులు, సరస్సుల బాట పట్టారు.

కార్తీకంలో గోదావరి స్నానంతో దీన్ని పోల్చకండి. 15 డిగ్రీల కంటే చల్లటి నీళ్లలోకి ఒక్కసారిగా దిగితే మన ప్రమేయం లేకుండానే ఎగశ్వాస వస్తుంది. గుండె వేగం, బీపీ పెరుగుతాయి. దీన్నే కోల్డ్ షాక్ అంటారు. సాధారణంగా 60 నుంచి 90 సెకన్లలో తగ్గుతుంది. అంతవరకు ఈదాలని చూడకుండా వెల్లకిలా తేలుతూ ఉండాలని బ్రిటన్ లైఫ్‌బోట్ సంస్థ ఆర్‌ఎన్‌ఎల్‌ఐ చెబుతుంది. ఆ నిమిషంన్నరలో రెజ్యూమె, రిజెక్షన్ మెయిల్ ఏవీ గుర్తుకు రావు. ఊపిరి ఒక్కటే పని. కొద్ది నిమిషాల చొప్పున ఐదారుసార్లు దిగితే ఈ షాక్ తీవ్రత బాగా తగ్గుతుందని పోర్ట్స్‌మత్ యూనివర్సిటీ ప్రొఫెసర్ మైక్ టిప్టన్ పరిశోధనలు చెబుతున్నాయి. ఆరో ఇంటర్వ్యూకి చేతులు వణకడం తగ్గినట్టే!

ఇది మందు కాదు. 2018లో ఒక వైద్య పత్రికలో డిప్రెషన్ ఉన్న 24 ఏళ్ల యువతి కేసు వచ్చింది. చన్నీళ్ల ఈతతో ఆమెకు మేలు జరిగిందని రాశారు. కానీ అది ఒక్క మనిషి అనుభవం. డాక్టర్ని అడగకుండా మాత్రలు మానొద్దు.

ఇక కొండ నడక. అక్కడ అది ఊరికే దక్కిన హక్కు కాదు. ఆర్థిక మాంద్యంలో ఉద్యోగాల్లేని రోజులు. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టర్ చుట్టుపక్కల కుర్రకారు వందలాదిగా కిండర్ స్కౌట్ కొండెక్కారు. అది ప్రైవేటు వేట భూమి. ముందుండి నడిపిన బెన్నీ రోత్‌మన్‌కి 20 ఏళ్లు. ఐదుగురిని జైల్లో వేశారు. 1951లో ఆ ప్రాంతమే బ్రిటన్ తొలి నేషనల్ పార్క్‌లో భాగమైంది. లాక్‌డౌన్‌లో జనానికి ఊపిరాడేలా చేసిన కొండల్లో అదీ ఒకటి.

టెక్ బ్లాగర్ని కదా, స్మార్ట్‌వాచ్ కొనమంటాననుకోకండి. విదేశాలకు వెళ్లి సరస్సులో దిగాలనుకుంటే తోడుగా ఈత వచ్చినవాళ్లు ఉండాలి. దూకొద్దు, మెల్లగా దిగండి. బయటికొచ్చాక కూడా ఒళ్లు కాసేపు చల్లబడుతూనే ఉంటుంది. కాబట్టి వెంటనే వేడినీళ్ల స్నానం వద్దు. ముందు తుడుచుకుని, పొడి బట్టలు వేసుకుని, వేడిగా టీ తాగండి. గుండె జబ్బుంటే అసలు ఆ జోలికే పోవద్దు. ఇక్కడ క్వారీ గుంతల్లో, కాలువల్లో ఈ ప్రయోగం చేయకండి. లోతు తెలియదు, గట్టు పట్టు దొరకదు.

మీ ఊరి గుట్ట మాత్రం ఉంది. ఎండ ముదరకముందే ఎక్కండి. ఫోన్ సైలెంట్‌లో పెట్టండి. ఆ గంటలో హెచ్‌ఆర్ మెయిల్ వచ్చినా, దిగాక చూసుకోవచ్చు.