మీకు తెలుసా? యాంటీబయాటిక్ చీటీ ఒక్కసారికే!

డాక్టరు పోయినేడాది రాసిన చీటీ చూపించి, మందుల షాపులో అవే యాంటీబయాటిక్ మాత్రలు మళ్లీ తీసుకోవచ్చా? కుదరదు. ఇన్నిసార్లు ఇవ్వవచ్చని డాక్టరు ప్రత్యేకంగా రాస్తే తప్ప, ఆ చీటీ మీద మందు ఒక్కసారే ఇవ్వాలి. ఇచ్చిన వెంటనే షాపు పేరు, చిరునామా, తేదీ ఆ చీటీ మీదే, డాక్టరు సంతకానికి పైన వేయాలి. 1945 నాటి డ్రగ్స్ రూల్స్ చెప్పే మాట ఇది. ఎన్ని షాపుల్లో ఈ ముద్ర పడుతోందో మీ ఇంట్లో ఉన్న పాత చీటీలు తీసి చూస్తే తెలిసిపోతుంది.

సెఫిక్సిమ్, లీవోఫ్లాక్సాసిన్ వంటి మందులకు కట్టడి ఇంకా ఎక్కువ. 2014 మార్చి 1న అమల్లోకి వచ్చిన షెడ్యూల్ హెచ్1 ప్రకారం డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు, ఎన్ని ఇచ్చారన్నది వేరే రిజిస్టరులో రాసి, మూడేళ్లు భద్రపరచాలి.

డాక్టరు రాసింది కళ్లు మూసుకుని ఇచ్చేయడం ఫార్మసిస్టు పని కాదు. చీటీలో అమాక్సిసిలిన్ ఉందనుకోండి. గతంలో పెన్సిలిన్ ఇంజెక్షనుకు ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయని డాక్టరుకు చెప్పడం మరిచిన మనిషి, షాపులో అడిగితే చెబుతాడు. అమాక్సిసిలిన్ కూడా పెన్సిలిన్ కుటుంబానిదే. అక్కడ ఫార్మసిస్టు చేయాల్సింది ఒక్కటే: డాక్టరుకు ఫోన్ చేయడం. సొంతంగా మందు మార్చే హక్కు ఆయనకు లేదు, తెలిసీ ఇచ్చి పంపకూడదు. ఆ ఒక్క ఫోన్ ప్రాణం నిలబెట్టగలదు.

చీటీని పూర్తిగా సరిచూడాలంటే మందు దేనికోసమో కూడా ఫార్మసిస్టుకు తెలియాలి. 2024 జనవరి 1న కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టర్ జనరల్ లేఖ రాస్తూ, యాంటీబయాటిక్ రాసినప్పుడు కారణం కూడా చీటీలో కచ్చితంగా రాయాలని డాక్టర్లను, చీటీ లేనిదే అమ్మవద్దని ఫార్మసిస్టులను కోరారు. జలుబు వైరస్ వల్ల వచ్చేది, దాని మీద యాంటీబయాటిక్ పనిచేయదు. కారణం రాయాల్సి వస్తే అనవసరపు చీటీ రాసే ముందు కలం ఆగుతుంది. నా దృష్టిలో ఆ లేఖలో అన్నిటికన్నా విలువైన మాట కారణం రాయాలన్నదే.

ఈసారి డాక్టరు యాంటీబయాటిక్ రాస్తే, దేనికో చీటీలో రాయమని అడగండి. షాపులో మీకు పడని మందుల పేర్లు చెప్పండి. మాత్రల అట్ట మీద నిలువుగా ఎర్రగీత కనిపిస్తే, చీటీ లేకుండా అడగకండి.