ఒక్క కేబుల్ ల్యాబ్ మొత్తాన్ని ఎలా ఆపేస్తుంది?

కంప్యూటర్ ల్యాబ్‌లో వేలాడుతున్న కేబుల్ కొసను ఎవరో తెలియక, రెండో కొస ఉన్న స్విచ్‌లోనే, అంటే కంప్యూటర్లను కలిపే పెట్టెలోనే గుచ్చారనుకోండి. కాసేపట్లో అందరికీ నెట్‌వర్క్ ఆగిపోవచ్చు. ఎందుకు?

అందరికీ చేరాల్సిన సందేశం వస్తే, స్విచ్ దాన్ని వచ్చిన పోర్టు (కేబుల్ గుచ్చే చోటు) తప్ప మిగతా అన్నిటికీ పంపుతుంది. ఈ కేబుల్ వల్ల అది తిరిగి అదే స్విచ్‌కు చేరుతుంది. కొత్తదనుకుని స్విచ్ మళ్లీ అందరికీ పంపుతుంది. ఈథర్‌నెట్ సందేశాలకు ‘ఇన్నిసార్లు తిరిగాక ఆగిపో’ అనే లెక్క లేదు. అందుకే నకళ్లు పెరిగి, అసలు పనికి దారి లేకుండా పోతుంది.

దీనికి విరుగుడు ‘స్పానింగ్ ట్రీ’. అమెరికా ఇంజనీర్ రేడియా పెర్ల్‌మన్ 1985లో దీన్ని రూపొందించారు. స్విచ్‌లు చిన్న సందేశాలతో మాట్లాడుకుని, ఒక స్విచ్‌ను పెద్దగా ఎన్నుకుంటాయి. అక్కడికి ఒక్కో దారే తెరిచి ఉంచి, అదనపు దారులను మూసేస్తాయి. తెరిచిన దారి తెగితే, మూసినది తెరుస్తాయి.

కేబుల్ సంగతి పొరపాటు. మరి ఎవరైనా కావాలనే నెట్‌వర్క్‌లో మోసం చేస్తే? నెట్‌వర్క్‌లో చేరిన కంప్యూటర్‌కు చిరునామా ఇచ్చేది డీహెచ్‌సీపీ సర్వర్. ఎవరైనా నకిలీ సర్వర్ పెడితే, మన సమాచారం వాళ్ల మీదుగా వెళ్లేలా దారి మళ్లించగలరు. ఇంటి రౌటర్‌ను పొరపాటున తగిలించినా తప్పుడు చిరునామాలు వస్తాయి. అందుకే ‘చిరునామాలు ఈ పోర్టు నుంచే రావాలి’ అని స్విచ్‌కు ముందే చెబుతారు. వేరే పోర్టు నుంచి వస్తే అది అక్కడే ఆపేస్తుంది.

పొరపాటా, అల్లరా అన్నది స్విచ్‌కు తెలియదు. అది తెలుసుకోవడం మనుషుల పని. మిగతావాళ్ల పని ఆగకుండా చూడటమే స్విచ్ బాధ్యత.