మూతపడని కిటికీ

సంపాదకులు ఏదైనా వైద్య విషయం వ్రాయమని మూడు నెలలుగా అడుగుతున్నారు. బి.పి., షుగరు గురించి పెద్దలు ఇదివరకే వ్రాశారు. నేను మా ల్యాండ్ రోవర్ కిటికీ గురించి వ్రాస్తాను. వైద్యం దారిలో అదే వస్తుంది.

మాది 1978 నాటి సిరీస్ త్రీ, 88 అంగుళాల బండి. వేల్స్ కొండల్లో మంచు పడ్డ రోజుల్లో డ్యూటీకి పనికొస్తుందని ఇంట్లో చెప్పి కొన్నాను. అసలు సంగతి, గుంటూరులో చదువుకునే రోజుల నుంచీ జీపంటే మోజు. మా ఆవిడ దాన్ని నా రెండో సంసారం అంటుంది.

ఈ బండి పైకప్పు, పక్కలు అల్యూమినియం రేకు. వెనక సీట్ల పక్కన, అటూ ఇటూ జరిపే అద్దాలుంటాయి. అవి ఫెల్టు గుడ్డ అతికించిన సన్నటి ఇనుప గాడిలో నడుస్తాయి. ఎడమవైపు అద్దం రెండు వేళ్ళ సందు మిగిల్చి బిగుసుకుపోయింది. ఆ సందులో పాత తువ్వాలు కుక్కి రెండు చలికాలాలు గడిపాను.

క్రిందటి డిసెంబరులో స్నేహితుల ఇంటికి రెండు గంటల ప్రయాణం. వెనక కూర్చున్న మా అబ్బాయికి తలనొప్పి, దిగగానే వాంతి. పొద్దున తిన్న పులిహోర మీద నెపం వేశాను. తిరుగు ప్రయాణంలో వాడు అక్కడ కూర్చోనంటే అమ్మాయిని కూర్చోబెట్టాం. ఇల్లు చేరేసరికి దానికీ తలనొప్పే. పిల్లలు మారారు, సీటు మారలేదు! రోజూ పది మందిని "ఎప్పుడు మొదలైంది, ఎక్కడున్నప్పుడు?" అని అడిగేవాణ్ణి, సొంత పిల్లవాణ్ణి అడగలేదు.

మర్నాడు బండిని గారేజీలో ఎత్తి చూపిస్తే పొగగొట్టం అతుకు దగ్గర చిల్లు కనబడింది. వెనక భాగం గోడలా నిటారుగా ఉన్న బండి పరుగెడుతుంటే దాని వెనక గాలి ఒత్తిడి తగ్గుతుంది. పొగ అక్కడే సుడి తిరిగి, ఏ సందు దొరికితే ఆ సందులోంచి లోపలికి వస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, కళ్ళు తిరగడం చూసి ఫ్లూ అనో, ప్రయాణం పడలేదనో అనుకుంటాం. వేలికి తగిలించే ఆక్సిమీటరు అంతా సవ్యంగానే ఉందని చూపిస్తుంది, దాన్ని నమ్మకండి. రక్తంలో కార్బాక్సీహీమోగ్లోబిన్ కొలవాలి, అదీ వెంటనే. మామూలు గాలిలో నాలుగైదు గంటల్లో అది సగానికి తగ్గిపోతుంది. నేను ఆ రాత్రి పరీక్ష చేయించలేదు కనుక నా దగ్గర రుజువు లేదు. అనుమానం మాత్రం పూర్తిగా ఉంది.

పొగగొట్టం గారేజీవారు మార్చారు. కిటికీ పని నేను పెట్టుకున్నాను.

తువ్వాలు తీస్తే గాడిలో పచ్చటి నాచు, ఒక మూల చిన్న మొక్క కూడా! ఫెల్టు నీరు పీల్చుకుంటుంది. నీరు పోవడానికి అడుగున ఉన్న రంధ్రాలు మట్టితో పూడిపోయాయి. ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది. గాడి ఇరుకై అద్దాన్ని పట్టేస్తుంది. రక్తనాళాల బొమ్మ గుర్తొచ్చింది. ఇలాంటి అద్దాన్ని బలవంతాన తోయకూడదు. అది టఫెన్డ్ గ్లాసు, అంచు మీద దెబ్బ తగిలితే మొత్తం పొడి అవుతుంది.

స్క్రూలకు రాత్రి నూనె పట్టించి ఉదయం విప్పాను. రెండు తలలు విరిగాయి, డ్రిల్లుతో తీయాల్సి వచ్చింది. పాత గాడి అప్పడం ముక్కల్లా రాలింది. ఇనుము అల్యూమినియాన్ని ఆనుకున్న చోటల్లా తెల్లటి పొడి. తడిలో ఈ రెంటికీ పొసగదు, అరిగిపోయేది అల్యూమినియమే. గీకి, శుభ్రం చేసి, రంగు వేశాను. కొత్త గాడి నిలువు ముక్కలుగా అమ్ముతారు. హాక్సాతో కోసి, అడుగున సీలెంటు రాసి బిగించాను. మొదటిసారి ఆ సీలెంటుతో రంధ్రాలనే మూసేసి, మళ్ళీ అంతా ఊడదీశాను. ఆ పూట మా ఆవిడ ఏమన్నదో వ్రాయను. ఇక గాడిలో గ్రీజు పెట్టకండి, ఇసుక అంటుకుంటుంది. సిలికాన్ స్ప్రే కొంచెం చాలు.

చివరికి చెంబుతో గాడిలో నీళ్ళు పోశాను. అవి కింది రంధ్రాల్లోంచి టపటపా కారుతుంటే, కేథటర్ పనిచేయడం మొదలుపెట్టిన రోగి పక్కన నిలబడ్డ హౌస్ సర్జన్‌లా సంతోషించాను.

మా అబ్బాయి ఇప్పుడు ఎక్కగానే ముందు ఆ అద్దాన్ని ఒక వేలితో తోసి, మూసి, అప్పుడు కూర్చుంటాడు. గాడి ముక్క ఒక గజం మిగిలింది. ఎవరి బండికైనా కావలిస్తే వచ్చే సమావేశానికి తెస్తాను.