వేటలో ఎవరిది రికార్డు?

రాక్షస జంతువుల్ని వేటాడే వీడియో గేములకి అతుక్కుపోయేవాడు లావుపాటి పాత నవలలు కూడా చదువుతాడంటే చాలామంది నమ్మరు. నా మటుకు అవి రెండూ ఒకటే పిచ్చి. ఎందులోనైనా జంతువు చచ్చే క్షణం కన్నా దాని వెంటపడి తిరిగిన గంటలే రుచి.

జంతువుల పొడవులో పోటీ పెడితే జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ వారి ‘మాన్‌స్టర్ హంటర్’ గేముల ముందు నిలిచేవి తక్కువ. 2013లో వచ్చిన నాలుగో గేములోని డలమడూర్ అనే మహాసర్పం సుమారు 440 మీటర్లు! ప్రాచీన ఆంగ్ల కావ్యం ‘బేవుల్ఫ్’లో కథానాయకుణ్ణి పొట్టన పెట్టుకున్న డ్రాగన్ యాభై అడుగులే. నన్నడిగితే ఈ యాభై అడుగులదే ఎక్కువ భయపెడుతుంది. బేవుల్ఫ్ అప్పటికే ముసలిరాజు, ఓడితే మళ్లీ మొదటినుంచి ఆడే వీలు లేదు. ఆ కావ్యానికి మిగిలిన రాతప్రతి కూడా ఒక్కటే. 1731లో లండన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో అంచులు కాలినా బతికి బయటపడి, ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

అమ్మకాల సంగతికొస్తే, 2025 ఫిబ్రవరి 28న విడుదలైన ‘మాన్‌స్టర్ హంటర్ వైల్డ్స్’ మూడు రోజుల్లో 80 లక్షల కాపీలు దాటింది. క్యాప్‌కామ్ చరిత్రలో అంత వేగం మరో గేముకి లేదు. వేట నవలల్లో మహారాజు, తెల్ల తిమింగలం కథ ‘మోబీ డిక్’ 1851లో వచ్చింది. రచయిత మెల్విల్ 1891లో పోయేదాకా, నలభై ఏళ్లలో నాలుగు వేల కాపీలు కూడా అమ్ముడుపోలేదు. పైగా లండన్ ముద్రణలో చివరి ఉపసంహారం ఎగిరిపోయింది. ఓడ మునిగి అందరూ పోతే ఈ కథ చెప్పిందెవరయ్యా అని అక్కడి విమర్శకులు కొందరు దెప్పిపొడిచారు.

ఇక అసలు రుచి. మాన్‌స్టర్ హంటర్‌లో జంతువుకి ఇంకెంత ప్రాణం మిగిలిందో చూపే గీత తెరమీద ఉండదు. కుంటుతోందా, చొంగ కారుస్తోందా అని మనమే కనిపెట్టాలి. బాగా దెబ్బతిన్నాక గూటికి పోయి పడుకుంటుంది. అప్పుడు చప్పుడు చేయకుండా దాని తల పక్కన పేలుడు పీపాలు పేర్చి, వెనక్కొచ్చి ఓ రాయి విసరాలి. చచ్చాక మోకాళ్లమీద కూర్చుని కత్తితో చర్మం, పొలుసులు కోసుకోవాలి. మనకి కావలసిన అరుదైన రత్నం మాత్రం రాదు! అక్కర్లేని రోజున రెండేసి దొరుకుతాయి. గేము మన మనసు చదువుతోందని ఆటగాళ్ల అనుమానం.

ఒక్కో జాతిలో అతి పెద్దదాన్నీ అతి చిన్నదాన్నీ కొట్టినవాళ్లకి బంగారు కిరీటం గుర్తు పడుతుంది. ఇది తగులుకుంటే అంతే, ఒకే జంతువుని పదులసార్లు వేటాడతారు. దాని కాలి పక్కన నిలబడి తమ ఎత్తుతో బేరీజు వేసుకునేవాళ్లూ ఉన్నారు. మెల్విల్‌కీ ఈ కొలతల జబ్బు ఉంది. 32వ అధ్యాయంలో కథ ఆపేసి, తిమింగలాలని పుస్తకాల సైజుల ప్రకారం ఫోలియో, ఆక్టావో, డ్యుయోడెసిమో అని వర్గాలు చేస్తాడు. అక్కడ పుస్తకం మూసేసేవాళ్లే ఎక్కువ. కిరీటాల వేటగాడు మాత్రం పెన్సిల్ తీసుకుంటాడు.

బేరంలో నష్టపోయిన రికార్డు పోలండ్ రచయిత ఆంజేయ్ సప్కోవ్‌స్కీకి ఇవ్వొచ్చు. 1986లో ఓ పత్రికలో అచ్చయిన ఆయన కథతో పుట్టిన రాక్షస వేటగాడు గెరాల్ట్. గేము హక్కులు అమ్మేటప్పుడు అది విజయవంతమవుతుందన్న నమ్మకం లేక, లాభాల్లో వాటా వద్దని ఒకేసారి సొమ్ము పుచ్చుకున్నాడు. ఆ గెరాల్ట్ గేముల్లో మూడోది ‘విచర్ 3’ అయిదు కోట్ల కాపీలు దాటింది. తర్వాత ఆయన మరింత సొమ్ము అడగడం, 2019లో ఆ గేము కంపెనీతో కొత్త ఒప్పందం కుదరడం వేరే కథ. అదే ఏడాది గెరాల్ట్ మాన్‌స్టర్ హంటర్‌లోకి అతిథిగా వచ్చి ఓ అడవి దయ్యాన్ని వేటాడాడు.

ఒకే బండిలో ఎక్కువమంది సాహిత్య ప్రముఖుల్ని ఎక్కించిన ఘనత కొరియా గేము ‘లింబస్ కంపెనీ’ (2023)ది. డాన్ కిహోటే, హీత్‌క్లిఫ్, కాఫ్కా పురుగు గ్రెగర్ సహా పన్నెండుగురు మెఫిస్టోఫిలిస్ అనే బస్సులో తిరుగుతూ వికృత జీవులతో పోరాడతారు. ‘మోబీ డిక్’ కథకుడు ఇష్మాయిల్ ఇందులో అమ్మాయి. ఆమె వంతు వచ్చేసరికి ఇక్కడా తెల్ల తిమింగలం తప్పలేదు.