రోగము తగ్గిన పిమ్మట

2020వ సంవత్సరము ఏప్రిల్ మాసమున సూర్యాపేట కూరగాయల బజారు పేరు రాష్ట్రమంతటను వినవచ్చెను. ఆ మాసము ముగియకమునుపే జిల్లాలో 80 మందికి పైగా కోవిడ్ సోకినట్లు తేలెను. బజారు మూతపడెను, వీధులకు కంచెలడ్డము కట్టిరి, రోగులను హైదరాబాదు గాంధీ ఆసుపత్రికి గొనిపోయిరి. ఇంతవరకు అందరెరిగినదే. తిరిగివచ్చినవారి మనఃస్థితినిగూర్చి మాత్రము మనము తక్కువగా విచారించితిమి.

ఆసుపత్రిలో చెంత బంధువు లుండరాదు. శుశ్రూష చేయువారి ముఖములైనను కానరావు. ప్రక్క మంచము ఖాళీయగుట కన్నులార చూచినవానికి ఇంటికి వచ్చిన పిదపకూడ నిద్ర పట్టకుండుట వింత కాదు. "నా వలననే యింటివారికి సోకెను" అను చింత కొందరిని జ్వరముకంటె నెక్కువగా పీడించును.

ఇరుగుపొరుగుల భయము దీనికి తోడగును. స్వల్పముగా సోకినవాని నుండి సుమారు పది దినముల పిమ్మట రోగ మితరులకు సాధారణముగా నంటదు. పరీక్షలో కొన్ని వారములు జాడ కనబడవచ్చును గాని, అది తరచుగా నిర్జీవమైన క్రిమి శకలమే. 2020 మే మాసమున ప్రభుత్వము స్వల్పరోగులకు తిరిగి పరీక్ష లేకయే యింటికి పోవ ననుమతించుటకు గల కారణములలో నిదియొకటి. అయినను బావి యొద్దను, అంగడి యొద్దను జనులు తొలగి నిలుచుట మానరైరి. ఇందు మాటదోషము కొంత కలదని నా తలంపు. "సామాజిక దూరము" అని యందరము పలికితిమి. అంటు, మైల యను మాటలు మరువని దేశమున ఆ పలుకు వెలివేతవలె వినబడదా? ప్రపంచారోగ్య సంస్థ 2020 మార్చి నుండియే "భౌతిక దూరము" అనుట మేలని చెప్పుచుండెను.

దేహబలము వెంటనే రాకపోవుట మరియొక కష్టము. రోగము సోకిన మూడు నెలలకును అలసట, ఆయాసము, మరపు మిగిలియుండుటను ఆ సంస్థ 2021లో ప్రత్యేక వ్యాధిస్థితిగా నిర్వచించెను. మిర్యాలగూడ బియ్యపు మిల్లులో బస్తాలు మోయు హమాలీకి ఆయాసము మిగిలినచో కూలి పోవును. కోదాడ మార్గమున లారీ నడుపువానికి నిద్రలేమి ప్రాణభయమే. పాఠము మరచు బాలుని సోమరి యని దండించు తలిదండ్రులు ఈ సంగతి నొకసారి యోచింపవలెను.

మనోవ్యథను చెప్పుకొనుటకు 2022 అక్టోబరు 10 నుండి టెలి-మానస్ అను ప్రభుత్వ సహాయము కలదు. 14416 సంఖ్యకు ఫోను చేసినచో రాత్రింబవళ్లు తెలుగుననే బదులు పలుకుదురు, రుసుము లేదు.