వరి వేరు ఎందుకు నల్లబడుతుంది?

ప్రకాశం బ్యారేజీ నుంచి కాలువలకు నీరు వదిలితే చాలు, కృష్ణా డెల్టాలో దమ్ములు, ఊడ్పులు ఊపందుకుంటాయి. మిరప మొదళ్ళలో మూడు నాళ్ళు నీరు నిలిస్తే మొక్క వడలిపోతుంది. వరి మాత్రం నెలల తరబడి నీటిలోనే బతుకుతుంది. కారణమేమిటి?

వరి వేరు లోపల కొన్ని కణాలు వరుసగా చనిపోతాయి. ఇది తెగులు కాదు, మొక్క తనంత తాను చేసుకునే ఏర్పాటు. వేరులో పుట్టే ఇథిలీన్ వాయువు దీన్ని త్వరపరుస్తుంది. చచ్చిన కణాల చోట గొట్టాల వంటి ఖాళీలు ఏర్పడి, ఆకుల నుంచి గాలి వేరు కొస దాకా దిగుతుంది. వేరు నుంచి బయటికి వచ్చే ప్రాణవాయువు మట్టిలోని ఇనుమును తుప్పుగా మారుస్తుంది. అందుకే ఆరోగ్యంగా ముదిరిన వేరుకు ఇటుక రంగు పూత ఉంటుంది. లేత వేరు తెల్లగా ఉంటుంది.

మురుగు పోని పల్లపు చేలలో, రొట్ట, గడ్డి కుళ్ళుతున్న చోట ఈ ఏర్పాటు చాలదు. గంధకపు విషవాయువు పుట్టి వేళ్ళను చంపుతుంది. వేరు నల్లబడి, కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. ఎంత ఎరువు చల్లినా పైరు సరిగా అందుకోలేదు.

పిలకల దశలో ఒక దుబ్బు పీకి, వేళ్ళు కడిగి చూడాలి. నల్లగా ఉంటే నీరు తీసి, నేల సన్నగా నెర్రెలిచ్చే వరకు చేను ఆరగట్టి, మళ్ళీ నీరు పెట్టాలి. తెల్లని కొత్త వేళ్ళు వస్తాయి.

అయితే నీరు తీయాలంటే మురుగు కాలువ పారాలి. గుర్రపుడెక్క, తూటికాడ పేరుకుపోయిన డ్రైను పక్కన రైతుకు రోగం తెలిసినా మందు చేతిలో ఉండదు.